తొలి కాన్పు ఇంట్లో పెద్దల పని
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించో, లైఫ్ సర్టిఫికెట్ గురించో మాట్లాడతానని ఆశించినవారు మన్నించాలి. నేను పసిపిల్లల గురించి మాట్లాడతాను. మనుమరాండ్లు తొలి కాన్పుకు మన ఇండ్లకే వస్తున్నారు. నాలుగు రోజులు కాగానే అల్లుడు సెలవు అయిపోయిందని హైదరాబాదు బస్సెక్కుతాడు. ఇక ఇంట్లో మిగిలేది ఒళ్లు నొప్పుల బాలింత, ఏడ్చే పసిగుడ్డు, సలహాలిచ్చే మనం. బిడ్డను ఎత్తుకోవడానికే భయపడే ఆ పిల్ల మనం ఏది చెబితే అది చేస్తుంది. అందుకే మన మాట జాగ్రత్తగా ఉండాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో తాలూకా ఆఫీసులో జనన మరణాల లెక్కలు నా బల్ల మీదికి వచ్చేవి. పుట్టిన వారం లోపలే పోయిన పిల్లలు ఆ కాగితాలలో అరుదుగా కనిపించేవారు. పుట్టినట్టూ రాయరు, పోయినట్టూ రాయరు. తొట్టెల కాలేదు, పేరు పెట్టలేదు, ఏమని రాయాలి అనేవారు. తల్లికి మాత్రం లెక్క తెలుసు. ఎందరు పిల్లలమ్మా అని అడిగితే మా అమ్మ "ఏడుగురు, దక్కింది నలుగురు" అనేది.

ఆ లెక్కను పట్టించుకున్నవారు మనకు దూరంగా లేరు. కాళేశ్వరం దగ్గర నది దాటితే సిరొంచ, అది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. ఆ జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 'సర్చ్' అనే సంస్థ పెట్టారు. 39 ఊళ్లలో ఆ ఊరి ఆడవాళ్లకే పసిపిల్లను తూచడం, ఊపిరి లెక్కించడం, వెచ్చగా ఉంచడం, చీము రోగాన్ని గుర్తుపట్టి మందివ్వడం నేర్పారు. మూడేండ్లలో అక్కడ నెలలోపు పిల్లల మరణాలు, ఈ పని జరగని ఊళ్లతో పోల్చితే 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. పెద్ద ఆస్పత్రి కట్టి సాధించింది కాదది. 2011 నుంచి ఆశా కార్యకర్తలు మన ఇండ్లకు రావడానికి దారి వేసింది ఆ అనుభవమే. ఆస్పత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆమె రావాలి. వచ్చినప్పుడు మంచినీళ్లిచ్చి పంపేయకండి, బిడ్డను చూపించండి.

నిరుడు మా మనుమరాలి కొడుకు ఆరో రోజు నుంచి నిద్రపోతూనే ఉన్నాడు. పాలకు లేపితే నోరు పట్టడం లేదు. చుట్టపామె ఒకరు "బుద్ధిమంతుడు, ఏడువనే ఏడువడు" అని మెచ్చుకున్నది. మనుమరాలు మాత్రం నా దగ్గరికి వచ్చి "తాతా, పిల్లగాడు నిన్నటి లెక్క లేడు" అన్నది. ఆశా కార్యకర్తకు ఫోన్ చేయించాను; ఎట్లాగూ మరునాడు ఆమె రావలసిన రోజే. తెల్లవారగానే వచ్చి, బట్ట తొలగించి, గడియారం చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టింది. 68. అరవై చేరితేనే ప్రమాదం. పాదాలు చల్లగా ఉన్నాయి. బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి, పైన దుప్పటి కప్పి, 108 పిలిపించింది. పదకొండు రోజులు పసిపిల్లల వార్డులో ఉన్నాడు. ఇప్పుడు నా కళ్లజోడు లాగడమే వాడి ఉద్యోగం.

పాలు తాగకపోవడం, ఊపిరి ఎగపోయడం, ఒళ్లు కాలడం లేదా చల్లబడటం, అరచేతులు పాదాలు పసుపెక్కడం, ఫిట్స్ రావడం - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అమాస, మంగళవారం చూడరాదు. తల్లికి అనుమానం వస్తే అది కూడా ఈ జాబితాలో చేర్చుకోండి. ఆమె తొలిసారి తల్లి కావచ్చును గానీ, ఆ బిడ్డను రాత్రింబగళ్లు చూస్తున్నది ఆమె ఒక్కతే.

మన పద్ధతులన్నీ పనికిరానివని నేననను. పురుడు పేరుతో ఇరవై ఒక్క రోజులు వచ్చేపోయే జనాన్ని దూరంగా ఉంచడం ఎంతో మంచిది. ఇప్పుడు దాన్నే వదిలేసి, బిడ్డ ముఖం మీద ఫోన్లు పెట్టి ఫోటోలు తీస్తున్నారు. విడవవలసినవి వేరే ఉన్నాయి: తేనె నాకించడం, చక్కెర నీళ్లు, ఆముదం, వస, బొడ్డు మీద బూడిద, కంటికి కాటుక, తలుపులు మూసి సాంబ్రాణి పొగ. ఏడాది లోపు పిల్లలకు తేనె ప్రమాదమే. ముర్రుపాలు పిండి పారబోయనివ్వకండి. పుట్టిన గంటలోపు పట్టాలి. ఆరు నెలల దాకా తల్లిపాలే, నీళ్లు కూడా వద్దు. మొదటి స్నానం కనీసం ఒక రోజు ఆగాలి. బాలింతకు మాత్రం నీళ్లు, కూరలు, పప్పు కడుపునిండా పెట్టాలి. పత్యం పేరుతో కారప్పొడి మెతుకులు పెడితే పాలెక్కడివి?

అల్లుడికి పని చెప్పడానికి మొహమాటపడకండి. మన కాలంలో మగవాడు పురిటి గది గడప తొక్కలేదు. ఈ కాలం పిల్లలు నేర్పితే నేర్చుకుంటారు. పాలు తాగిన బిడ్డను భుజాన వేసుకొని త్రేన్పు తీయడం, తడి గుడ్డలు మార్చడం అతడూ చేయగలడు. రాత్రి ఒక్క జాము అతడు మేల్కొంటే తల్లి నిద్రపోతుంది.

ఇక గుమాస్తాను గనుక ఒక కాగితం మాట. జననం 21 రోజుల్లోగా నమోదు కావాలి. ఆస్పత్రిలో పుడితే వారే పంపుతారు, కానీ తల్లిదండ్రుల పేర్ల అక్షరాలు మీరు సరిచూడండి. బిడ్డ పేరు తర్వాత చేర్చవచ్చు. ఏడాదిలోపు రుసుము లేదు. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి బడిలో చేరడానికైనా, ఉద్యోగానికైనా పుట్టిన తేదీకి ఈ సర్టిఫికెటే ఆధారం. మనలో ఎందరికి బడి పంతులు రాసిన జులై 1 పుట్టినరోజో, ఆ తేదీతోనే ఎందరు రిటైరయ్యారో చేతులెత్తమంటే ఈ హాలులో సగం చేతులు లేస్తాయి!