ఐదవ శీలం – పడినవారి పట్ల మన బాధ్యత
(వైశాఖ పూర్ణిమ సభలో, జంషెడ్‌పూర్‌లో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గం నాకు అప్పగించిన విషయం 'పంచశీల – యువతరం'. అందులో ఐదవ శీలం ఒక్కదాని గురించే మాట్లాడటానికి అనుమతి కోరాను. మొదటి నాలుగింటిని వివరించగల పెద్దలు ఈ వేదిక మీద నాకంటె యోగ్యులు ఉన్నారు. ఐదవ దాని విషయంలో నేను ఒక తప్పు చేసి ఉన్నాను గనుక, దానిని గురించి మాట్లాడవలసిన బాధ్యత నాది.

మూడు సంవత్సరాల క్రితం ఇదే పూర్ణిమ నాడు ఒక యువకుడు మన సమక్షంలో త్రిశరణ పంచశీలాలు స్వీకరించాడు. అతని తాత శ్రీకాకుళం జిల్లా నుంచి ఇక్కడి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చినవాడు. తండ్రి అదే పనిలో ఉండి పదవీ విరమణ పొందాడు. మనవడి కాలానికి పర్మినెంటు ఉద్యోగం దొరకలేదు. ఠేకేదారు కింద రోజుకూలీగా చేరాడు. ఒంటి నొప్పులు తెలియవని ఎవరో ఇచ్చిన ఒక పొట్లంతో అతనికి బ్రౌన్ షుగర్ అలవాటయింది. శీలం స్వీకరించిన తరువాత అయిదు నెలలు దాని జోలికి పోలేదు. ఆరవ నెలలో మళ్ళీ మొదలుపెట్టాడు. 'శీలభంగం చేసినవాడిని ఉంచుకుంటే సంఘం పరువేమవుతుంది' అని మన కార్యవర్గం అతని పేరు సభ్యుల పట్టిక నుంచి కొట్టివేసింది. ఆ తీర్మానం కింద ఉన్న నాలుగు సంతకాలలో ఒకటి నాది.

ఆ పిమ్మట కుటుంబం అప్పు చేసి అతనిని ఒక ప్రైవేటు నషాముక్తి కేంద్రంలో చేర్చింది. అక్కడ తాళం ఉంది, కర్ర ఉంది, వైద్యుడు లేడు. మూడు నెలల తరువాత బయటికి వచ్చాడు. నాలుగవ రోజున, మునుపు తీసుకొనేంత మోతాదే తీసుకున్నాడు. తెల్లవారి లేవలేదు. పరామర్శకు వెళ్ళినప్పుడు అతని తల్లి నన్ను నిందించలేదు. "అన్నయ్యా, వాడు తప్పు చేసేడు. నిజమే. తప్పు చేసినోడు ఎక్కడికెళ్ళాలో మీరెవరూ చెప్పలేదు" అన్నది. ఆ ప్రశ్నకు ఆనాడు నా వద్ద సమాధానం లేదు. ఈ రెండేళ్ళుగా నేను చదివినది, వైద్యులను అడిగి తెలుసుకున్నది, ఆమెకు చెప్పవలసిన సమాధానంగానే మీ ముందు ఉంచుతున్నాను.

ముందుగా వినయపిటకంలోని ఒక వృత్తాంతం. భిక్షువులకు మద్యపానాన్ని నిషేధించిన నియమం ఎలా పుట్టిందో మనలో చాలామంది విని ఉండరు. సాగత థేరుడు భద్దవతిక సమీపంలో భయంకరమైన ఒక నాగును తన తేజోబలంతో లొంగదీసినవాడు. ఆ కీర్తి కోశాంబికి చేరింది. ఆయనను సత్కరించాలని నగరవాసులు ఉవ్విళ్ళూరారు. భిక్షువులకు దుర్లభమైన వస్తువేదని అడిగితే, ఛబ్బగ్గియ భిక్షువులు మంచి మద్యం పేరు చెప్పారు. ఇంటింటా పాత్ర నింపి ఇచ్చారు, ఇంటింటా ఆయన తాగాడు, నగరద్వారం దగ్గర పడిపోయాడు. పోసినవారందరూ భక్తులే, అందరూ ప్రేమతోనే పోశారు. (మన పెళ్ళిళ్ళలో 'ఈ ఒక్కరోజుకీ' అంటూ గ్లాసు చేతికిచ్చే బావలు, బావమరదులు ఈ ఘట్టాన్ని కొంచెం ఆలోచించాలి.)

తథాగతుడు భిక్షుసంఘంతో అదే దారిన వచ్చి పడి ఉన్న సాగతుని చూశాడు. దాటిపోలేదు. ఆయనను ఆరామానికి తీసుకొని రమ్మన్నాడు. భిక్షువులు మోసుకొని వచ్చి, తల బుద్ధుని వైపు ఉండేలా పడుకోబెట్టారు. మత్తులో ఆయన తిరిగి కాళ్ళు బుద్ధుని వైపే చాపాడు. అప్పుడు భగవానుడు భిక్షువులను అడిగినది ఇది: మునుపు సాగతుడు నా పట్ల గౌరవంతో ఉండేవాడు కాదా, ఇప్పుడు ఉన్నాడా? నాగుతో పోరాడినవాడు ఇప్పుడు నీటిపాముతోనైనా పోరాడగలడా? ఆ తరువాతనే నియమం ఏర్పడింది. సాగతుని సంఘం నుంచి వెళ్ళగొట్టలేదు. అంగుత్తర నికాయంలో అగ్రశ్రావకుల జాబితా ఉన్నది కదా, అందులో తేజోధాతు సమాపత్తిలో అగ్రగణ్యుడుగా ఆయన పేరే కనబడుతుంది. నగరద్వారంలో పడినవాని పేరును ఆ పట్టిక నుంచి ఎవరూ కొట్టివేయలేదు. మేము నలుగురం కొట్టివేశాము.

శీలాలలో ప్రతి ఒక్కటీ పాళీలో 'సిక్ఖాపదం', అనగా శిక్షణలో ఒక మెట్టు. అది పైనుంచి వచ్చిన ఆజ్ఞ కాదు, అభ్యసించడానికి తనకు తాను స్వీకరించేది. అందువల్లనే ఉపోసథం నాడు మళ్ళీ మళ్ళీ స్వీకరిస్తాము. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞలలో మత్తుపదార్థాలు సేవించనన్నది కూడా ఒకటి. ప్రతిజ్ఞ కనుక ఒకసారి తప్పితే చెల్లిపోయినట్లేనని కొందరు వాదిస్తారు. అసత్యమాడనన్నది కూడా అదే జాబితాలో ఉన్నది. ఆ ఒక్క ప్రతిజ్ఞను బట్టి పేర్లు కొట్టివేయడం మొదలుపెడితే పట్టికలో ఎవరము మిగులుతామో చెప్పలేను.

బౌద్ధదేశాలలో దీనికి భిన్నమైన మార్గం కూడా ఉన్నది. థాయిలాండ్‌లోని సరబురి ప్రాంతంలో వాట్ థం క్రబోక్ అనే విహారం 1959 నుంచి వ్యసనపరులకు చికిత్స చేస్తున్నది. మూలికల కషాయంతో వాంతులు చేయిస్తారు, సత్యప్రతిజ్ఞ చేయిస్తారు. ఆ విహారాధిపతి చమ్రూన్ పర్న్‌చంద్‌కు 1975లో రామన్ మెగసెసె పురస్కారం లభించింది. వేలమంది అక్కడికి వెళ్ళారు, కొందరి జీవితాలు నిలబడ్డాయి. ఆ భిక్షువుల కరుణను నేను తక్కువ చేయడం లేదు. కాని అక్కడ ప్రతిజ్ఞ ఒక్కసారే. తప్పినవానికి రెండవ అవకాశం లేదు. వాంతులతో రోగం పోతుందనడానికి తగిన శాస్త్రీయ ఆధారమూ లేదు. మనకు ఆదర్శం కోశాంబి ద్వారమే కావాలని నా అభిప్రాయం.

ఇక రోగం సంగతి. బ్రౌన్ షుగర్ అంటే శుద్ధి కాని హెరాయిన్. హఠాత్తుగా మానినవానికి కళ్ళు, ముక్కు కారుతాయి, ఎముకలు విరుగుతున్నట్లుంటుంది, విరేచనాలవుతాయి, నిద్ర ఉండదు. రెండు మూడు రోజులలో బాధ పరాకాష్ఠకు చేరి, వారంలో చాలావరకు తగ్గుతుంది. ఆ వారం దాటితే నయమైనట్లేనని కుటుంబాలు భావిస్తాయి. అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. మానిన కొన్ని వారాలలో శరీరం మునుపటి మోతాదును తట్టుకొనే శక్తిని కోల్పోతుంది. మనసులో కోరిక మాత్రం తగ్గదు. పాత మోతాదు తీసుకుంటే శ్వాస ఆగిపోతుంది. ఆ యువకునికి జరిగినది ఇదే. మందు లేకుండా మూడు నెలలు తాళం వేసి పంపడమంటే అతనిని ఆ ప్రమాదానికి సిద్ధం చేసి పంపడమే. ఎవరైనా పెదవులు నీలంగా మారి, లేపినా లేవక, శ్వాస మందగించి కనబడితే తెల్లవారేదాకా చూడకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. నలోక్సోన్ అనే ఇంజెక్షన్ సకాలంలో పడితే ప్రాణం నిలుస్తుంది. మద్యానికి ఏళ్ళ తరబడి బానిసలైనవారి విషయం వేరు: వారు హఠాత్తుగా మానితే మూర్ఛలు వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు. వారిని కూడా వైద్యుని పర్యవేక్షణలోనే మాన్పించాలి.

హెరాయిన్ వ్యసనానికి నేడు ఆధారం గల చికిత్స నాలుక కింద ఉంచుకొనే బ్యూప్రెనార్ఫిన్ మాత్ర. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే దానిని అత్యవసర ఔషధాల పట్టికలో చేర్చింది. అది కోరికను, మానినప్పటి బాధను అణచివేస్తుంది; మనిషి పనికి వెళ్ళగలడు, ఇంట్లో మాట్లాడగలడు. వాడినంతకాలం మరణాల ముప్పు బాగా తగ్గుతుంది. నెలలు, కొందరికి సంవత్సరాలు వాడవలసి ఉంటుంది.

ఇప్పుడు మన ముందున్న చిక్కు ఇక్కడే ఉన్నది. ఒక సోదరుడు, వయస్సు ముప్పై రెండు, వృత్తి రీత్యా డ్రైవరు, తొమ్మిది నెలలుగా ఈ మాత్ర మీద ఉన్నాడు. హెరాయిన్ ముట్టలేదు. పంచశీల స్వీకరిస్తానని కార్యవర్గానికి దరఖాస్తు చేసుకున్నాడు. 'ఒక మత్తు మాని ఇంకొక మత్తు వాడుతున్నాడు, ముందు మాత్ర కూడా మానాలి' అని కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. వారి ఉద్దేశం మంచిదే. అయినా వారికి పిలిందవచ్ఛ థేరుని వృత్తాంతం గుర్తు చేస్తాను. ఆయన వాతరోగంతో బాధపడుతుంటే, మద్యం కలిపి కాచిన తైలం తాగాలని వైద్యులు చెప్పారు. భగవానుడు అనుమతించాడు. అప్పుడు ఛబ్బగ్గియులు మద్యం ఎక్కువగా కలిపి తాగి మత్తెక్కారు. భగవానుడు ఔషధాన్ని రద్దు చేయలేదు. తైలంలో మద్యపు రంగు, వాసన, రుచి తెలియనంత వరకే తాగవచ్చునని హద్దు గీశాడు. ఎక్కువ కలిసిపోయిన తైలాన్ని ఒంటికి రాసుకోవడానికి వాడమన్నాడు. దుర్వినియోగం చేసేవారున్నారని రోగికి మందు ఆపలేదు. ఐదవ శీలం వారించేది పమాదాన్ని, అనగా ఏమరుపాటును. ఉదయం ఏడు గంటలకు లేచి మాత్ర వేసుకొని, బండి శుభ్రం చేసుకొని, పిల్లను బడిలో దింపే మనిషిలో నాకు పమాదం కనబడటం లేదు. మాత్రను ఎప్పుడు తగ్గించాలో నిర్ణయించవలసినది వైద్యుడు, మన కార్యవర్గం కాదు.

తరువాత, తోడు. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఇద్దరు తాగుబోతులు ఒకరినొకరు నిలబెట్టుకున్నప్పటి నుంచి ఆల్కహాలిక్స్ అనానిమస్ సభలు ప్రపంచమంతటా జరుగుతున్నాయి. మాదకద్రవ్యాల బాధితులకు నార్కోటిక్స్ అనానిమస్ ఉన్నది. దైవానికి తన్ను తాను అప్పగించుకోవాలన్న మాట అక్కడ వినబడుతుంది. దేవతారాధన విడిచి వచ్చిన మనవారికి అది ముల్లులా గుచ్చుతుంది. ఒకాయన మొదటి సభ నుంచే లేచి వచ్చేశాడు. నా సలహా ఏమంటే, దగ్గరలో సభ ఉంటే వెళ్ళండి, ఆ మాట మీకు పొసగకపోతే ఆ స్థానంలో సంఘాన్ని తలచుకోండి. వారి పన్నెండు మెట్ల కంటె అర్ధరాత్రి పిలిస్తే పలికే మనిషి ముఖ్యమని అక్కడ నిలబడినవారే చెబుతారు. ఆ మనిషిని మనం ఇవ్వగలిగితే మనవారు బయట వెతకవలసిన పని ఉండదు. ఇంతవరకు ఇవ్వలేదు.

ధ్యానంతో వ్యసనం పోతుందా అని యువకులు అడుగుతుంటారు. అమెరికాలోని సియాటిల్ జైలులో గోయెంకాగారి పద్ధతిలో పదిరోజుల విపస్సన చేసిన ఖైదీలు విడుదలైన మూడు నెలలకు ఇతరుల కంటె తక్కువగా మత్తు వాడుతున్నట్లు అలన్ మార్లాట్ బృందం 2006లో ప్రచురించింది. అయితే వారు తమంతట తాము ముందుకు వచ్చినవారన్నది మరువరాదు. 2014లో వెలువడిన మరింత పకడ్బందీ అధ్యయనంలో, ప్రాథమిక చికిత్స పూర్తిచేసిన తరువాత స్మృతి సాధన నేర్చుకున్నవారికి ఏడాది చివర మేలు కనబడింది. 'తరువాత' అన్న మాటను గమనించండి. ఒళ్ళంతా విరుచుకుపోతున్నవానిని ఆనాపానసతికి కూర్చోబెట్టడం నిర్దయ.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. తెలుగువారిగా ఆ తల్లులకు నమస్కరిస్తాను. కాని ఇక్కడ మూయించడానికి దుకాణమే లేదు, పొట్లం చేతి నుంచి చేతికి వెళుతుంది. 2019 నాటి జాతీయ సర్వే ప్రకారం దేశంలో నల్లమందు జాతి మత్తుపదార్థాలు వాడేవారు సుమారు 2.26 కోట్లు. వారిలో కొందరు మన వీధులలోనే ఉన్నారు.

పోలీసు భయంతో పిల్లలను దాచిపెట్టే తల్లిదండ్రులకు ఒక మాట. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్, సేవించినందుకు లేక స్వల్ప పరిమాణం దొరికినందుకు కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ లేక ప్రభుత్వ గుర్తింపు గల సంస్థలో చికిత్స పొందితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పిస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. కేంద్ర ప్రభుత్వ సహాయవాణి 14446కు రుసుము లేదు. రాంచీ కాంకేలో 1918 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీలో వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగం ఉన్నది. ఏ ప్రైవేటు కేంద్రంలో చేర్చేముందైనా అడగండి: వైద్యుడు రోజూ వస్తాడా, మేము ఎప్పుడైనా చూడవచ్చునా, బయటికి వచ్చాక మందు కొనసాగుతుందా? మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే వెనక్కి తిరగండి.

కార్యవర్గానికి నా విన్నపాలు రెండు. ఆనాటి తీర్మానాన్ని రద్దు చేసి, ఆ యువకుని పేరును పట్టికలో తిరిగి రాయాలి. డ్రైవరు సోదరునికి మాత్ర మానమనే షరతు లేకుండా, వచ్చే పూర్ణిమకు పంచశీల ఇవ్వాలి.

ఆ సోదరుడు నెలకొకసారి మానగో బస్ స్టాండ్ నుంచి బస్సులో కాంకే వెళ్ళి వస్తున్నాడు. ఒంటరిగా వెళ్ళిన రోజున తిరుగుదారిలో పాత స్నేహితులు తారసపడుతున్నారని చెప్పాడు. ఈ సోమవారం అతని వెంట నేను వెళుతున్నాను. ఆపై నెలలకు వంతు తీసుకోదలచినవారు సభానంతరం కార్యదర్శిగారి వద్ద పేరు నమోదు చేయించుకోవలసినదిగా కోరుతున్నాను.

నమో బుద్ధాయ. జై భీమ్.