జీతం మనది, తాళంచెవి ఎవరి చేతిలో?

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బ్యాంకు పనులు ఇంట్లో కూర్చుండి ఫోనులో చేసుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని కోరినారు. మేము బ్యాంకు వాళ్లం కాము. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం. అయితే మా దగ్గర చదివే పిల్లల ద్వారా ఈ కాలనీల ఇండ్లలోకి డబ్బు ఎట్లా వస్తున్నది, ఎట్లా జారిపోతున్నది అనే సంగతి కొంత మాకు తెలుస్తూ ఉంటుంది. ఆ తెలిసినంత మేరకే మాట్లాడుతున్నాము.

మొదట సౌకర్యం సంగతి చూద్దాం. మన గోదావరిఖనిలో బ్యాంకు వేళలకూ బాయి షిఫ్టులకూ ఏనాడూ పొత్తు కుదరలేదు. ఫస్ట్ షిఫ్టు దిగినవాడు ఇంటికి వచ్చి, స్నానం చేసి, అన్నం తినేసరికి బ్యాంకు మూసే వేళ అవుతుంది. నైట్ షిఫ్టు చేసి వచ్చినవాడు నిద్ర మానుకుని లైనులో నిలబడాలి. పాసుబుక్కు రాయించుకోవడానికి ఒక పూట, ఊళ్లో ఉన్న తల్లికి డబ్బు పంపడానికి ఒక పూట, పిల్లవాడి కాలేజీ ఫీజుకు డ్రాఫ్టు తీయడానికి ఇంకొక పూట. ఇట్లా ఎన్ని మస్టర్లు పోగొట్టుకున్నామో లెక్క లేదు.

ఈ బాధ చాలావరకు తీరింది. 2016లో యూపీఐ వచ్చింది. 2019 డిసెంబరు 16 నుంచి నెఫ్ట్ పద్ధతిలో డబ్బు పంపడం రాత్రింబగళ్లు, ఆదివారం, పండుగ అనకుండా నడుస్తున్నది. 2020 జనవరి నుంచి సేవింగ్స్ ఖాతాదారులు ఆన్‌లైన్‌లో నెఫ్ట్ ద్వారా పంపితే రుసుము తీసుకోరాదని రిజర్వు బ్యాంకు చెప్పింది. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే మన దేశంలో యూపీఐ చెల్లింపులు 2,000 కోట్లు దాటినాయి. చాయ్ బండి దగ్గరి నుంచి బంగారం దుకాణం దాకా ఇదే నడుస్తున్నది. కాబట్టి ఇది మనకు వద్దు అనుకోవడంలో అర్థం లేదు.

ఇక భద్రత. ఈ మాట మన ప్రాంతంలో ఎందుకు గట్టిగా చెప్పవలసి వస్తున్నదంటే, ఇక్కడ ఒక్కరోజున పెద్ద మొత్తం ఖాతాలో పడుతుంది. 2025 దసరాకు సింగరేణి లాభాల్లో 34 శాతం, అంటే 819 కోట్ల రూపాయలు, కార్మికుల వాటాగా ప్రకటించారు. సగటున ఒక్కొక్కరికి లక్షా తొంభై అయిదు వేలకు పైగా వచ్చింది. ఏడాది పొడుగునా బొగ్గుపొడి మింగి సంపాదించిన సొమ్ము అది. బిడ్డ పెండ్లికో, ఇంటి పైకప్పుకో అనుకున్నది. అది పోవడానికి మాత్రం ఒక్క ఫోను కాల్ చాలు.

మా మనవి ఒక్కటే. బ్యాంకు ఖాతా అనేది బీరువా అయితే, పిన్, ఓటీపీ, సిమ్ము, కార్డు అనేవి దాని తాళంచెవులు. బీరువా ఎంత గట్టిదైనా తాళంచెవి పరాయి చేతిలో ఉంటే లాభమేమున్నది? మన దగ్గర ఈ తాళంచెవి ఇతరుల చేతిలో పెట్టే అలవాటు కొత్తది కాదు. గిరిగిరి వడ్డీకి అప్పు తెచ్చుకుని, తాకట్టుగా ఏటీఎం కార్డు, పిన్ నంబరుతో సహా ఇచ్చివచ్చిన కార్మికులు ఈ బొగ్గుగనుల ప్రాంతంలో ఎందరో. జీతం పడ్డరోజున మనకంటే ముందు అతడే మిషను దగ్గర నిలబడతాడు. మనకు మిగిలినంత ఇస్తాడు. అప్పు ఎంత తీరిందో అతని నోట్‌బుక్కుకే తెలియాలి.

ఇట్లాంటివారు ఆలోచించవలసినది ఏమంటే, బాకీ బాకీయే, కట్టవలసిందే. కానీ కార్డు తాకట్టు వస్తువు కాదు. దానిని, పిన్‌ను ఇతరులకు ఇవ్వరాదన్నది బ్యాంకు నిబంధన. ఇంట్లో నుంచే ఫోనులో ఆ కార్డును బ్లాక్ చేసి, కొత్తది తెప్పించుకోవచ్చు. అప్పుడు ఆయన దగ్గర ఉన్నది ఉత్త ప్లాస్టిక్ ముక్క. కార్డును మనమే ఆపుకునే, తెరుచుకునే, రోజుకు ఇంత అని పరిమితి పెట్టుకునే వీలు 2020 అక్టోబరు నుంచి మనకు ఉన్నది. అప్పు కట్టేది కూడా ఖాతా నుంచి ఖాతాకు కడితే తేదీతో సహా రుజువు మిగులుతుంది.

రెండవ సంగతి మా బడి పిల్లలది. బ్యాంకు మెసేజి ఇంగ్లీషులో వస్తుంది. తండ్రికి ఉర్దూ వస్తుంది, లేదా అదీ రాదు. భూగర్భ గనిలోకి ఫోను తీసుకుపోరాదు గనుక తండ్రి షిఫ్టులో ఉన్నంతసేపు అది ఇంట్లో ఉంటుంది. ఎవరో ఫోను చేసి, "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, కార్డు బందు అవుతుంది, నంబరు చదువమ్మా" అంటారు. ఎనిమిదో తరగతి పిల్ల ఆ అంకెలు చక్కగా చదివి వినిపిస్తుంది. ఆ పిల్ల తప్పు లేదు. చదువడం మనమే నేర్పినాము, ఏది పైకి చదువకూడదో నేర్పలేదు. అందుకే ఈమధ్య మేము తరగతిలో మూడు ముక్కలు బోర్డు మీద రాస్తున్నాము: డెబిట్ అంటే పోయింది. క్రెడిట్ అంటే వచ్చింది. ఓటీపీ అంటే ఎవరికీ చెప్పనిది.

ఇంకొకటి. డబ్బు పంపడానికే పిన్ కొట్టాలి. రావడానికి పిన్ అవసరం లేదు. "మీకు డబ్బు పంపుతున్నాం, పిన్ కొట్టండి" అని ఎవరన్నా అంటే వాడు దొంగ. పెండ్లి కార్డు అని వాట్సాప్‌లో వచ్చే ఫైలు చివర ఏపీకే అని ఉంటే తెరువరాదు. పోలీసు దుస్తులు వేసుకుని వీడియోలో కనబడి "డిజిటల్ అరెస్టు" చేసినామనేవాళ్లకు భయపడవద్దు. అటువంటి అరెస్టు చట్టంలోనే లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి రేడియోలో ఈ సంగతే చెప్పినారు.

యువకులకు ఒక హెచ్చరిక. "నీ ఖాతా, సిమ్ము, కార్డు కొన్నాళ్లు ఇవ్వు, కమీషన్ ఇస్తాం" అని కొందరు తిరుగుతున్నారు. ఎవరినో ముంచిన సొమ్ము ఆ ఖాతాలో దిగుతుంది. పోలీసులు మొదట వచ్చేది ఖాతా పేరు ఎవరిదో వారి ఇంటికే. రెండు మూడు వేలకు ఆశపడితే ఉద్యోగం, పాస్‌పోర్టు అన్నీ చిక్కుల్లో పడతాయి. ఖాతా మన పేరు మీద ఉన్న అమానత్. దానిని కిరాయికి ఇవ్వరాదు.

ఇంత జాగ్రత్తపడినా సొమ్ము పోతే? సిగ్గుపడి దాచవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి, బ్యాంకుకు చెప్పాలి. సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకొక ఖాతాకు పరుగెత్తుతూ ఉంటుంది. ఎంత తొందరగా చెబితే దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా పోయిన సొమ్ము గురించి మూడు పనిదినాల లోపల బ్యాంకుకు తెలిపితే నష్టం మన మీద పడదు. పిన్, ఓటీపీ మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపే వరకు జరిగిన నష్టం మనదే. ఆ తర్వాత జరిగేది బ్యాంకుది. అంటే ప్రతి నిమిషానికీ విలువ ఉన్నది.

చివరగా సోదరీమణులతో ఒక మాట. బాయి పనిలో ప్రాణానికి ఏ రోజుకా రోజే. ఇంటాయనకు ఏ బ్యాంకులో ఖాతా ఉన్నదో, నామినీగా ఎవరి పేరు రాసి ఉన్నదో భార్యకు తెలిసి ఉండాలి. పాత కాగితాల్లో ఎప్పుడో చనిపోయిన తల్లి పేరే నామినీగా మిగిలిన ఇండ్లు ఉన్నాయి. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఇది పిన్ చెప్పుకోవడం కాదు, హక్కు తెలుసుకోవడం. ఈ వారమే అడిగి చూడండి.

సొసైటీ పెద్దలకు మా విన్నపం ఏమంటే, నెలకు ఒక ఆదివారం మహిళలకు, రిటైరైన పెద్దలకు ఫోను పట్టుకుని నేర్పే తరగతి పెట్టించండి. స్థలం, చాపలు మీవి, చెప్పే పని మాది. మా పెద్ద తరగతి పిల్లలు కూడా సాయం వస్తారు. ఎవరి పిన్ వారే కొట్టుకోవడం నేర్పుతాము, ఎవరిదీ మేము కొట్టము.