సీటుకీ లాటరీయే, సొమ్ముకీ లాటరీయే

అమెరికాలో చార్టర్ స్కూలంటే సర్కారు సొమ్ముతో, సర్కారు అజమాయిషీ అంతగా లేకుండా నడిచే బడి. ఫీజుండదు. 1991లో మిన్నెసోటా రాష్ట్రం తొలి చట్టం చేసింది. దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. ఇక్కడ కేంద్రీయ విద్యాలయంలో ఒకటో తరగతి సీటు కోసం ఎదురుచూసినవారికి ఆ గుండెదడ తెలిసిందే.

2016లో మసాచుసెట్స్ ఓటర్లను అడిగారు: ఏటా మరో 12 చార్టర్లదాకా అనుమతించమంటారా? గవర్నర్ చార్లీ బేకర్ సరేనన్నారు, ఉపాధ్యాయ సంఘాలు ససేమిరా అన్నాయి. బోస్టన్ చార్టర్ల పిల్లలు బాగా చదువుతున్నారని పరిశోధకులు చెబుతున్నా, నూటికి 62 మంది వద్దనేశారు.

ఓటర్లది మొండితనమని నేననుకోను. పిల్లవాడు బడి మారితే వాడి వంతు సొమ్మూ వెంట పోతుంది. ముప్పైమంది ఉన్న తరగతిలోంచి ముగ్గురు వెళ్లారనుకోండి. టీచరు జీతం తగ్గదు, బస్సు డీజిలు తగ్గదు, మంచు రోజుల్లో గది వెచ్చబెట్టే ఖర్చూ తగ్గదు. లోటు పూడ్చేందుకు రాష్ట్రం ఇవ్వాల్సిన భర్తీ ఆ ఏళ్లలో పూర్తిగా అందనేలేదు.

అన్నిచోట్లా ఇదే తీర్పు కాదు. 2012లో జార్జియా ఓటర్లు చార్టర్లవైపు మొగ్గారు. అదే ఏడాది వాషింగ్టన్ రాష్ట్రంలో చట్టం బొటాబొటీగా నెగ్గింది. మూడేళ్లకు అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది: ఎన్నికైన బోర్డు అజమాయిషీ లేని బడులకు ప్రజాపాఠశాలల నిధి చెల్లదంది. 2016లో శాసనసభ వేరే దారి వెతికింది. ఆ బడులకు డబ్బు రాష్ట్ర లాటరీ రాబడి నుంచి ఇమ్మంది.