నేత – నేతృత్వము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ప్రతి వత్సరమును ఈ మహాసభయందు కులచరిత్రమును గూర్చి యొకరును, విద్యావ్యాప్తిని గూర్చి యొకరును ఉపన్యసించుట యాచారముగా వచ్చుచున్నది. ఈ యేడు కార్యదర్శిగారు మాకు, చిన్న డిజైను శాలలలో పనివారికి నాయకత్వ శిక్షణ మిప్పించుట యను విషయము నొసంగిరి. మేము ముప్పదియైదేండ్లు తెలుగును, సంస్కృతమును బోధించి విశ్రమించిన యుపాధ్యాయులము. మగ్గపు గుంటలో ఆడుకొని పెరిగితిమి గాని నాడె విసరి కూడు సంపాదించినవారము గాము. కావున వ్యాపార రహస్యములను మాకడ నాశింపవలదు. ఒక్క శాలలో మేము కన్నులార చూచిన సంగతులను మాత్రము విన్నవించెదము. అందు మా తప్పును కొంత కలదు. ఈ విషయమును మేము అంగీకరించుటకు కారణ మదియే.

మొదట నొక మాట. తెలుగున నేత యనగా వస్త్రము నేయుట. సంస్కృతమున నేత యనగా నడపించువాడు. మొదటిది నేయు ధాతువునుండియు, రెండవది నీ ధాతువునుండియు పుట్టినవి. ఈ రెంటిని ముడివెట్టి, మన కులమువారందఱును పుట్టుకతోనే నాయకులని చాటిన వక్తలను ఈ వేదికపైననే వింటిమి. అది శబ్దచమత్కారమే గాని శాస్త్రము గాదు. అయితే ఆ నీ ధాతువునుండియే వినయమను పదమును పుట్టినది. వినయమనగా తలవంచుకొని యుండుట యని నేడు మన మనుకొనుచున్నాము. పూర్వులు దానిని శిక్షణ మను నర్థమున వాడిరి. కౌటిల్యుని యర్థశాస్త్రమున మొదటి యధికరణమునకు వినయాధికారిక మని పేరు. రాజ్యభారము వహింపవలసినవానిని తీర్చిదిద్దుటయు, అమాత్యులను పరీక్షించి నియోగించుటయు అందలి విషయములు. ఈ యర్థభేదమును మేము తరగతిలో వందసార్లు చెప్పియుందుము. చెప్పుటయే గాని యాచరింపలేదని ముందు తెలియగలదు.

మా శిష్యు డొకడు పోచంపల్లి తీరు చీరలకు నమూనాలు కల్పించి, నూలు సిద్ధపఱచి, ఇండ్లలోని మగ్గములపై నేయించు చిన్న శాలను నడుపుచున్నాడు. గ్రాఫు కాగితముపై బొమ్మ గీయు కుఱ్ఱవాడొకడు, రంగుల మేస్త్రి యొకడు, నూలునకు ముడులు కట్టు స్త్రీలు నలుగురు, లెక్కలు చూచువాడొకడు – ఇంతియే వాని సిబ్బంది. ఈ పనియొక్క స్వభావమును మీలో పెక్కురెఱుగుదురు. పట్టణములలో నుద్యోగములు చేయు పోషకులకొఱకు రెండు మాటలు చెప్పెదము. జకార్డు మగ్గమున బొమ్మ నేతలో పుట్టును. ఇక్కత్తులో బొమ్మ నూలులోనే పుట్టును. కాగితముపై గీసిన గళ్ళ లెక్కను బట్టి నూలుపై గుర్తులు పెట్టి, రంగు తగులరాని తావులను రబ్బరు పీలికలతో బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మరల కట్టి, వేఱొక రంగులో ముంచుదురు. కాగితముపై జరిగిన తప్పు మగ్గమెక్కినపిమ్మట గాని కన్నులకు కట్టదు. ఒక్క పడుగున ఏడెనిమిది చీరలు దిగును. కావున ఒక్క గడి తప్పినచో ఆ తప్పు అన్ని చీరలకును ప్రాకును.

2019 మాఘమాసమున మా శిష్యుడు జబ్బుపడి హైదరాబాదు ఆసుపత్రిలో మూడు వారములుండెను. పెండ్లిండ్ల కాలము, పట్టణమునుండి వచ్చిన యొక యంగడివారి బేరము చేతిలో నున్నది. గీతలు గీయు కుఱ్ఱవానికి అంచు గళ్ళకును, ఒడలి గళ్ళకును లెక్క కుదురలేదని రెండవనాడే తెలిసినది. వాడెవ్వరికిని చెప్పలేదు. స్త్రీలు ముడులు కట్టిరి, మేస్త్రి రంగులు వేసెను, నేతగాడు నేసెను. ఎనిమిది చీరలును వంకర పూవులతో దిగినవి. అంగడివారు త్రిప్పి పంపిరి. ఏల చెప్పలేదురా యని యడుగగా కుఱ్ఱవాడు, "అయ్యగారు ఒప్పుకొన్న గీతను తప్పనుటకు నేనెవడను?" అనెను.

మేము పరామర్శకు పోయినపుడు మా శిష్యుడు మంచముమీదనుండియే యిట్లనెను: "సారూ, వాడును మీ బడిలోనే చదివినాడు. మీరు నేర్పిన వినయమే నా యెనిమిది చీరలను చెఱచినది."

మాకు నోట మాట రాలేదు. ఆ కుఱ్ఱవాడు మాకు బాగుగా జ్ఞప్తియందున్నాడు. వాడు పదవ తరగతిలో నుండగా, మేము నల్లబల్లపై విడదీసిన యొక సంధిలో తప్పున్నదని లేచి చెప్పెను. మేము వానిని బెంచీ యెక్కించితిమి. పిమ్మట చూచుకొని తప్పును దిద్దుకొంటిమి. వానిని మాత్రము గంట కొట్టువఱకు దింపలేదు.

జబ్బు తగ్గి వచ్చినపిమ్మట మా శిష్యుడు చేసిన యేర్పాటిది. వారమున కొక పూట పని నిలిపి, కూలి తఱుగక, అందఱిని ఒక్కచోట కూర్చుండబెట్టును. కాగితము మొదలు అమ్మకము వఱకు ఒక్కొక్క నమూనాను ఒక్కొక్కరు తమ పేరిట నడుపవలయును. రంగుల నిర్ణయము వారిది. నూలు కొనుటకు కొంత సొమ్ము వారి చేతి కిచ్చును. నష్టము వచ్చినచో శాలదే. ఎవ్వరి గీతనైనను, యజమాని గీతనైనను, ముడులు కట్టకముందు ఇద్దఱు లెక్కించి సంతకము పెట్టవలయును. వారమున కొక పూట యనగా ఏటికి మనిషికి ఇరువదియాఱు దినముల కూలి. ఈ లెక్క విని వాని తండ్రి, కూర్చుండి మాటలాడుటకు కూలి యిచ్చు షావుకారిని మా తరములో చూడలేదని గొణిగెను. ఆయన గొణుగుడు న్యాయమే. ఆ యిరువదియాఱు దినములకు మొదటి యేట వచ్చిన ఫలము మేము చూచినంతలో ఏమియు లేదు.

పైగా నష్టమే వచ్చినది. ముడులు కట్టు స్త్రీలలో నొకతె నడపిన మొదటి నమూనా అమ్ముడుపోక బీరువాలోనే యుండెను. ఆషాఢమాసపు తగ్గింపులోను కదలలేదు. నా కంటికి నచ్చిన రంగులు వేసితిని గాని కట్టువారి నెన్నడు చూచితినని యామె యడిగెను. ఇరువదియేండ్లు చీరలకు ముడులు కట్టిన స్త్రీ, ఆ చీరను కొనునట్టి యొక్క మనిషినైనను చూడలేదు! మా శిష్యుడామెను హైదరాబాదునకు పంపి, తెలిసిన యంగడిలో పది దినములు మడతలు విప్పి చూపు పనిలో నిలిపెను. ఆమె తిరిగివచ్చి కాగితము నడుగలేదు. ముందు మేస్త్రితో జగడమాడెను. రంగుల పాళ్ళు చేతిలో నున్నవి గాని పుస్తకమున లేవని మేస్త్రి వాదము. ఆయన యఱువదేండ్లవాడు, ఆ పాళ్ళే తన యాస్తి యని యాయన భయము. ఆ భయమును మేము తప్పు పట్టజాలము. పాళ్ళు వ్రాయించిన పుస్తకముపై ఆయన పేరే యుండునని మాట యిచ్చినపిమ్మట, ఆమె కూతురు వ్రాయగా ఆయన చెప్పెను. నాలుగు నెలలు పట్టినది.

2020లో లాక్‌డౌను వచ్చి అంగళ్ళు మూతపడెను. శాలలో మిగిలిన నూలు కొంచెము, ఎదురు చూచు మగ్గములు మెండు. నేర్పరులైన యిద్దఱికి నిండు పని యిచ్చి తక్కినవారిని ఆపవలెనని మా శిష్యుని తలంపు. ఆ స్త్రీ యొప్పుకొనలేదు. నూలును పంచి, ఇంటికి కొంచెము చొప్పున అందఱికి నిచ్చునట్లు వాదించి గెలిచెను. వ్యాపారదృష్టిచే తన తలంపే సరియైనదని మా శిష్యుడు నేటికిని అనుచున్నాడు. అది యట్లుండనిండు; మరల పని మొదలైనపుడు ఒక్క మగ్గమైనను వానిని విడిచి పోలేదు.

గీతలు గీయు కుఱ్ఱవాడు మాత్రము విడిచి పోయెను. అంతయు నేర్చుకొని వేఱు శాల పెట్టుకొనెను. నేర్పినచో పోవుదురను మన షావుకార్ల శంక వట్టిది గాదు. మా శిష్యునికి దానివలన కలిగిన బాధ ఇంకను తీఱలేదు. తీఱినదని మేము చెప్పినచో మీరు నమ్మవలదు.

ఇట్టి శిక్షణము కొత్త యూహ గాదు. గుజరాతులోని కచ్ఛదేశమున 2005లో కళారక్షా విద్యాలయమను పేర పనివాండ్రకే యొక డిజైను పాఠశాల వెలసినది. ఏడాదిలో రెండేసి వారముల చొప్పున ఆఱు విడతలుగా పాఠములు. నడుమ ఇంటికడ పని. సంసారము విడువనక్కఱలేదు. మనకడ వెంకటగిరిలో ప్రగడ కోటయ్యగారి పేర చేనేత సాంకేతిక విద్యాసంస్థ కలదు. అచటి మూడేండ్ల డిప్లొమా మన పిల్లలకు మిక్కిలి మేలైనది. కాని నలువదేండ్లు వచ్చి, ఇద్దఱు బిడ్డలుండి, ముడులు కట్టుచున్న స్త్రీ మూడేండ్లెట్లు పోగలదు?

చింతకింది మల్లేశముగారి పేరు ఈ సభలో పలుకనివా రుండరు. తల్లి యాసు పోయుచు చేతిని ఒక్క చీరకు సుమారు తొమ్మిదివేల మారులు ఇటునటు త్రిప్పి, భుజము నొప్పితో బాధపడుట చూచి, ఆయన 1999 నాటికి ఆసు యంత్రమును సాధించెను. 2017లో పద్మశ్రీ వచ్చినది. మనము సన్మానము చేసితిమి, శాలువ కప్పితిమి. ఏండ్ల తరబడి ఆయన చేతిలో డబ్బులేక యంత్రము నిలిచిపోయిన దినములలో ఏ శాలువయు పోలేదు.

ఇక మా ప్రార్థన. కల్యాణమంటపముపై రెండవ యంతస్తు వేయుటకు ఈ సాయంత్రము తీర్మానము రాబోవుచున్నది. ఆ నిధిలో నాలుగవవంతును ఒక్క యేటికి నిలిపి, చిన్న శాలల పనివారిని కచ్ఛపు తీరున విడతలుగా పిలిచి, లెక్క, ధరకట్టుట, కొనుగోలుదారుతో మాటలాడుట, తప్పును తప్పని చెప్పుట నేర్పించి, ఆ దినముల కూలిని సంఘమును, యజమానియు చెఱిసగము భరింపవలెనని కోరుచున్నాము. మన కులమువారికి మాత్రమే యను నియమము వలదు. మేము చెప్పిన స్త్రీ మన కులమున పుట్టినది కాదు. మన చీర కట్టిన ముడులలో సగము అట్టి చేతులవే. ఈ మాట కొందఱు పెద్దలకు రుచింపదని యెఱిగియే చెప్పుచున్నాము.

మాకు నియమించిన కాలములో పది నిమిషములు మిగిలినవి. ఆమె రంగుల పుస్తకముతో హాలు వెనుక వరుసలో కూర్చున్నది. సభలో మాటలాడుట యిదియే మొదటిసారి యని, మమ్ము ప్రక్కన నిలువుమని యడిగినది. ఆ పది నిమిషములను ఆమెకిప్పింప అధ్యక్షులవారిని ప్రార్థించుచున్నాము.