మూసిన పాత్రలోని గాలి



గాలికి రూపము లేదు గాని బలము కలదు. విజయనగరమున గంటస్తంభము కడ నడియెండలో సైకిలు నిలిపి సరకులు కొనబోయినవాడు మరలివచ్చునప్పటికి ట్యూబు పగిలియుండుట వేసవిలో వింత కాదు. ముల్లు గ్రుచ్చుకొనలేదు, ఎవ్వరును ముట్టలేదు. కారణమేమి?

గాలి యనగా అతిసూక్ష్మములైన అణువుల సమూహము. అవి నిరంతరము పరుగెత్తుచు పాత్ర గోడలను తాకుచుండును. ఆ తాకుడుల మొత్తమే పీడనము. వేడి హెచ్చిన కొలది వాని వేగము హెచ్చును. పాత్ర సాగుటకు వీలు లేనిచో ఆ బలమంతయు గోడలే భరింపవలెను. ఫ్రెంచి పండితుడగు అమోంటన్ 1700 ప్రాంతమున ఈ సంబంధమును పరిశీలించెను.

ఇక లెక్క. సెంటిగ్రేడు డిగ్రీలకు 273 కలుపవలెను. ఉదయము 27 డిగ్రీలు, అనగా 300. ఎండలో ట్యూబు 57 డిగ్రీలైనచో 330. కావున పీడనము పదియవ వంతు పెరుగును. అయితే మీటరు చూపునది బయటిగాలికి మించిన పీడనము మాత్రమే. బయటిగాలిని ఒకటిగా నెంచి, మీటరు 3 చూపినచో అసలు పీడనము 4. అది 4.4 కాగా మీటరు 3.4 చూపును. తొలినిల్వను విడిచి ఖాతా కూడినవాని వలె, బయటిగాలిని మరచినవానికి 3.3 అని తప్పులెక్క వచ్చును. మంచి టైరు ఈ హెచ్చునకు చలింపదు. అరిగిన టైరునకు, మాసిక వేసిన ట్యూబునకు ఆ పదియవ వంతే చాలును.

వంటగ్యాసు సిలిండరు సంగతి వేరు. అందు 14.2 కిలోల సరకు. అడుగున ద్రవము, పైన ఆవిరి. వేడికి మరికొంత ద్రవము ఆవిరియగుటచే పీడనము పై లెక్కకు మించి హెచ్చును. ద్రవమును వ్యాకోచించును గనుకనే నిండుగా నింపక చోటు విడుతురు. అడుగంటిన గ్యాసు కొరకు సిలిండరును వేడినీటిలో నిలుపువారు ఈ విషయము నెరుగవలెను.

2020 మే 7న విశాఖపట్టణము కడ ఆర్.ఆర్. వెంకటాపురమున కర్మాగారపు తొట్టిలోని స్టైరీను తనలో తానే వేడెక్కెను. పీడనము పెరిగి ఆవిరి వెలికి వచ్చి ఊరిని కమ్మెను. 12 మంది మరణించిరి. తొట్టి పగులకున్నను వేడిమిని కనిపెట్టకపోవుట ప్రాణాంతకమని ఆ రాత్రి తెలిపినది.

ఎండను తగ్గించుట ఎవరి తరమును కాదు. నీడను వెదకుట అందరి చేతిలోని పని. సైకిలును చెట్టునీడను నిలుపుడు. సిలిండరును నిలువుగా, చల్లగా, గాలి యాడుచోట నుంచుడు. కంటికి కనబడని బలమును బుద్ధితో కనుగొనుటయే విద్య. ఆ విద్యను ఇంటింటికి చేర్చుటయే గ్రంథాలయ ధర్మము.