బాలింతను అడగని ప్రశ్న
(ఆలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నా తొలి కాన్పు 1984లో ఇక్కడే జరిగింది. ప్రసవమైన కొద్దిసేపటికి నర్సు మంచుముక్కలు వేసిన నీళ్ళు తెచ్చి ఇచ్చింది. బాలింతకు చన్నీళ్ళు పనికిరావని విని పెరిగిన నేను, ఆ గ్లాసు పట్టుకొని ఏడ్చాను. ఆమెకు కారణం తెలియలేదు, నాకు చెప్పడం చేతకాలేదు. వేడినీళ్ళు కాచి ఇచ్చే అమ్మ సముద్రాలకు అవతల ఉన్నది.

మన ఆచారంలో తొలి కాన్పు పుట్టింటివారిది. నూనెతో ఒళ్ళు మర్దించి, సాంబ్రాణి ధూపం వేసి, కాయం తినిపించి, నెలల తరబడి కూతురిని కాపాడుకొనేవారు. అందులో అన్నీ మంచివే అనను. ముర్రుపాలు పిండి పారబోయడం ముమ్మాటికీ తప్పే. ఇక్కడ ప్రసవగదిలో భర్త చెంతనే నిలబడతాడు. ఆ ధైర్యం మా అమ్మ ఎరుగదు. అయితే ఆ తరువాత? సాధారణ కాన్పుకు 48 గంటలు, సిజేరియన్‌కు 96 గంటల కన్న ఆసుపత్రి వాసాన్ని బీమా సంస్థలు తగ్గించరాదని 1996లో చట్టమే చేయవలసివచ్చింది. 1993 నాటి చట్టం ఇచ్చే 12 వారాల సెలవుకు జీతం లేదు, అదీ అర్హులకే.

అందుకే మా అమ్మాయి కాన్పుకు నేనే దగ్గరుండి పథ్యం వండాను. బిడ్డను పరీక్షకు తీసుకొనిపోయినప్పుడు పది ప్రశ్నల కాగితం ఇచ్చారు. 1987లో స్కాట్లండులో రూపొందిన ఎడిన్‌బరో ప్రశ్నావళి అది. తల్లి మనసులో దిగులు, భయం ఉన్నాయేమో కనుగొనడానికి. అమ్మాయి అన్నీ బాగున్నట్టే గుర్తులు పెట్టి ఇచ్చివేసింది. పక్కన నేనూ, వాళ్ళ అత్తగారూ కూర్చొని ఉన్నాము మరి!

నెల తరువాత ఒక అర్ధరాత్రి స్నానాలగదిలో వెక్కి వెక్కి ఏడుస్తుండగా విన్నాను. దిష్టి తగిలిందనుకొన్నాను. మరునాడు ఉప్పు తిప్పివేశాను కూడా. పాలు పడుతున్నాయా, పథ్యం తిన్నావా అని రోజూ అడిగినదాన్ని, "నీకెలా ఉందమ్మా" అని మాత్రం అడగలేదు. అడిగిన రోజున గంటసేపు మాట్లాడింది. వైద్యం జరిగింది, కోలుకొన్నది. తన అనుమతితోనే ఈ మాట చెబుతున్నాను.

తల్లుల కోసం ప్రభుత్వం 2022లో ప్రారంభించిన సహాయవాణి 1-833-852-6262. రాత్రింబవళ్ళు ఉచితంగా పలుకుతుంది, దుబాసీ సహాయమూ ఉన్నది. ఈ సంఖ్యను ఆలయ వంటశాల తలుపుపై అంటించాము. బాలింతల ఇళ్ళకు భోజనం తీసుకొనివెళ్ళే సోదరీమణులకు నా విన్నపం: క్యారియరు గుమ్మంలో ఇచ్చి మరలిరాకండి. అత్తగారినీ, అమ్మనూ బిడ్డ దగ్గర ఉండనిచ్చి, ఆ అమ్మాయి పక్కన కాసేపు కూర్చోండి.