దాపటి పాదము



ఈడుజోడు గల రెండెద్దులను కాడి కట్టినను ఒక్కొక్కప్పుడు చాలు వంకరపోవుట మీలో ననేకులు చూచియే యుందురు. అట్టి వేళ తెలివిగల రైతు, ఎడమ ప్రక్కనున్న దాపటి యెద్దు సోమరిదని వెంటనే ములుకోల యెత్తడు. కాడి సరిగా కట్టబడినదా, పలుపు బిగిసినదా, మెడ ఒరిసినదా యని మొదట చూచును. ఎద్దు సంగతి పిమ్మట విచారించును. నేటి నా ప్రసంగము డోలును గూర్చినదే యైనను, దీని సారమంతయు ఆ రైతు ఓర్పులోనే యున్నది.

పెండ్లి యూరేగింపులలో బ్యాండుమేళమువారి పెద్ద డోలు మీకు క్రొత్త కాదు. దానిని ఒకడు మెడకు తగిలించుకొని కొట్టుచుండ, చిన్న డోలును వేఱొకడు వాయించుచుండును. పాశ్చాత్య దేశములందును పూర్వ మిట్లే యుండెను. ఒక్క మనుష్యుడే రెండు డోళ్లను వాయింపవలసి వచ్చినప్పుడు, పెద్ద డోలును కాలితో కొట్టు సాధనములు పుట్టినవి. వానికి పెడళ్లని పేరు. అమెరికాలోని చికాగో నగరమున విలియం లుడ్విగ్ అను వాద్యకాడు వేగముగా ఆడు పెడలు నొకదానిని రూపొందించి, 1909లో తన సోదరునితో కలిసి వ్యాపారము పెట్టెను. ఇట్లు చేతులు రెండును చిన్న డోళ్లకును కంచు పళ్లెములకును మిగిలినవి.

అటుపిమ్మట లూయీ బెల్సన్ అను వాద్యకాడు రెండు పాదములకు రెండు పెద్ద డోళ్లను పెట్టుకొని వాయించెను. ఆయన 1951లో డ్యూక్ ఎలింగ్టన్ గారి మేళమున చేరి ఆ విద్యకు ఖ్యాతి తెచ్చెను. కాని రెండు పెద్ద డోళ్లను మోయుటయు, నిలుపుటయు, బిగువు సరిచూచుటయు కష్టము. కావున ఒకే డోలును రెండు పాదములతో కొట్టు జోడు పెడలు వాడుకలోనికి వచ్చెను. కాలిఫోర్నియాలోని డ్రమ్ వర్క్‌షాప్ అను కంపెనీ 1983లో వెలువరించిన జోడు పెడలు దానికి మంచి ప్రచారము కలిగించెను. నేడు మన తెలుగునాట పాటకచ్చేరీలలోను, చర్చి ఆరాధనలలోను, కళాశాలల మేళములలోను డ్రమ్ సెట్టు వాయించు యువకులు గలరు. వారిలో కొందఱు జోడు పెడలును సాధించుచున్నారు.

మన మృదంగమునకు రెండు మూతులు గలవు. కుడి మూతికి నల్లని ముద్ద అంటియుండును. ఎడమ మూతికి కచ్చేరీకి ముందు తడిరవ్వ ముద్ద పెట్టుదురు. రెండు నాదములు వేఱువేఱుగా నుండుటయే దాని యందము. జోడు పెడలు ధర్మము దీనికి భిన్నము. ఏది కుడి పాదపు దెబ్బయో, ఏది యెడమ పాదపు దెబ్బయో వినువానికి తెలియరాదు. పదునాఱు దెబ్బలు వరుసగా పడినచో, ఒక్క దారమున గ్రుచ్చిన పదునాఱు పూసలవలె నుండవలయును. ఎడమ దెబ్బ మెత్తబడినను, వెంట్రుకవాసి ఆలస్యమైనను, నడక గతుకుల బాటలోని బండివలె తోచును.

నా యెఱుకలోని పిల్లవా డొకడు ఈ విద్య నేర్చుకొనుచుండెను. ఏడాది సాధన చేసినను ఎడమ దెబ్బ వెనుకబడుచునే యుండెను. నేర్పువారు "నీ యెడమకాలు మొద్దు" అనిరి. ఇంటివారును అదే మాట పట్టుకొనిరి. వాడు సాధనమును అటక యెక్కించుటకు సిద్ధపడెను. అంతలో ఒక వృద్ధ వాద్యకాడు వచ్చి, వానిని లేవుమని, తాను కూర్చుండి, తన కుడి పాదమును ఎడమ పెడలుపై మోపి తొక్కెను. దెబ్బ అప్పుడును ఆలస్యముగనే పడెను. "పాదము మార్చితిని, దోషము మారలేదు. ఇక దోషము పాదముది ఎట్లగును?" అని యాయన నవ్వెను.

ఈ పరీక్షకు కానియైన ఖర్చు లేదు. కుడి పాదముతో తొక్కినను ఎడమ పెడలు తడబడినచో సాధనమును సరిచేయవలయును. కుడి పాదమునకు చక్కగా లొంగినచో ఎడమ పాదమునకు శిక్షణ నీయవలయును.

ఎడమ పెడలు ఏల తడబడును? కుడి పెడలును తొక్కగానే గొలుసు చక్రమును లాగును, చక్రము ఇరుసును త్రిప్పును, ఇరుసునకు బిగించిన గుండుకఱ్ఱ డోలును తాకును. ఎడమ పెడలో, డోలునకు దూరముగా నుండును. దాని యిరుసునుండి ఒక లోహపు కడ్డీ అడ్డముగా సాగి, రెండు కొనలయందలి కీళ్ల మూలమున, కుడిదాని సరసనున్న రెండవ గుండుకఱ్ఱను త్రిప్పును. అనగా కుడి పాదపు టాజ్ఞ తిన్నగా చేరును. ఎడమ పాదపు టాజ్ఞ దూత మూలమున చేరును. కడ్డీకి బరువు గలదు. కీళ్లకు రాపిడి గలదు. కీళ్లు అరిగినచో వదులును ఏర్పడును. ఆ వదులు తీఱువఱకు గుండు కదలదు. మఱియొక సూక్ష్మము గలదు. కీలు వంగి తిరుగునప్పుడు దాని అవతలి వైపు వేగము సమముగా నుండక, ఒకచోట త్వరపడి, ఒకచోట మందగించును. వంపు హెచ్చిన కొలది ఈ దోషమును హెచ్చును.

ఆ వృద్ధుడు చేసిన పని వినుడు. ఒక చేత ఎడమ గుండుకఱ్ఱను కదలకుండ పట్టి, రెండవ చేత కడ్డీని మెల్లగా త్రిప్పి చూచెను. కీళ్లలోని వదులు చేతికి తెలిసెను. జాఱిన మరలను బిగించి, కీళ్లకు ఒక్కొక్క చుక్క పలుచని నూనె వేసెను. పిమ్మట ఎడమ పెడలును జరపి, కడ్డీ వీలైనంత తిన్నగా నుండునట్లు నిలిపెను. రెండు పెడళ్లును జాఱకుండ క్రింద తివాచీ పఱపించెను.

తరువాత గుండుల వంతు. ఒకటి క్రొత్తది, ఒకటి అరిగినది. రెండింటికిని ఒకే జాతి గుండులు పెట్టి, కఱ్ఱల పొడవును, డోలునుండి వాని దూరమును సమము చేసెను. కుడి గుండు డోలు నడిమిని, ఎడమది ప్రక్కను తగులుచుండెను. డోలు నడుమ ఒక నాదము, ప్రక్కన ఒక నాదము పలుకును గదా! కావున పెడలును కొంచెము కుడికి జరపి, నడిమికి ఇరుప్రక్కల సమదూరమున రెండును పడునట్లు చేసెను. కడపట గుండులను చేతితో ముందునకు లాగి విడిచి, వాని ఊపును చూచెను. ఎడమది త్వరగా ఆగిపోవుచుండుటచే, కడ్డీ బరువునకు పరిహారముగా దాని స్ప్రింగును కొంచెము బిగించెను.

ఇంతటితో కథ ముగియలేదు. పిల్లవాడు కూర్చుండి వాయింపగా ఈ పర్యాయము ఎడమ దెబ్బ ముందుగా పడెను! ఏడాదిపాటు చెడిన సాధనముతో పెనుగులాడి, ఆ పాదము తొందరపడుటకు అలవాటు పడినది. అప్పుడు వృద్ధుడు ఆసనమును సరిచేసి, రెండు మోకాళ్లును ఒకే తీరున వంగునట్లు కూర్చుండబెట్టెను. నిమిషమునకు 60 దెబ్బల తాళయంత్రముపై మొదట ఎడమ పాదముతోనే వాయింపుమనెను. కుడి పాదము చేయు ప్రతి పాఠమును ఎడమ పాదము ఒంటరిగా అప్పగింపవలయును. పిమ్మట రెండును కలిసినపుడు ఒకనాడు కుడితోను, ఒకనాడు ఎడమతోను ఎత్తుకొనవలయును. రెండు పాదములు సమముగా పలికిన తరువాతనే వేగము పెంపవలయును. వాయించిన దానిని టెలిఫోనులో పట్టి, కనులు మూసికొని వినవలయును. వాయించుచుండగా చెవి మనకు పక్షపాతము చేయును. తరువాత విన్నప్పుడు సత్యము చెప్పును.

మూడు నెలలు గడచిన పిమ్మట నేను ఆ యింటికి పోతిని. వాడు లోపలి గదిలో వాయించుచుండెను. తలుపు వెలుపల నిలిచి, ఏ దెబ్బ ఏ పాదముదో చెప్పుటకు ప్రయత్నించితిని. చెప్పలేకపోతిని.

పెద్దలారా! మీ యిండ్లలోని పిల్లలు డోలే వాయింపనిండు, లెక్కలే చేయనిండు, మగ్గమే నేయనిండు. పని తడబడినప్పుడు "నీకు చేత కాదు" అనుట మిక్కిలి సులభము. ఆ మాటను పిల్లవాడు నమ్మినచో, తరువాత సాధనమును సరిచేసినను వానిని సరిచేయుట కష్టము. కావున ములుకోల యెత్తుటకు ముందు కాడిని చూడుడు. కాడి సరియైన పిమ్మట దాపటి యెద్దునకు ఓర్పుతో నడక నేర్పుడు.